అమ్మ కడియం కరిగిన నీళ్లు

హనుమకొండ,
14 జులై 1986

అన్నా,

జవాబు ఆలస్యమైందని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, కానీ ఉత్తరం చివరిదాకా చదివాక తిట్టు.

ఇక్కడ వానలు గట్టిగానే పడుతున్నాయి. కాశిబుగ్గలో మన మగ్గం గుంతలో నీళ్లు ఊరుతున్నాయట. వదిన రోజూ పొద్దున్నే గిన్నెతో తోడిపోసి, గుంత ఆరాక కూర్చుని నేస్తోంది. జంపఖానా సగంలో ఆగిపోయిందని బాధపడింది. నీ మీద కోపంగా కూడా ఉంది. పండక్కి వస్తానని రానందుకు కాదు, రానని ముందే రాయనందుకు. మీ బావ బడి ఎప్పటిలాగే నెక్కొండలో, జీవితం ఎప్పటిలాగే రైల్లో. పొద్దున పోతే చీకటి పడ్డాకే ఇల్లు.

నా యూనివర్సిటీ పని నడుస్తోంది. పత్తి గింజలు, సీసాలు, బూజు. నీకు చెప్పినా నవ్వుతావు.

ఒక మాట అడగాలి. అమ్మ కడియాలు రెండూ మన ఇంట్లో పెట్టెలో ఉన్నాయి కదా, వాటిలో ఒకటి నాకు కావాలి. కరిగించాలి. వదినను అడిగితే, “మీ అన్న చెప్పంది నేను పెట్టె ముట్ట” అంది. ఎందుకని అడగకు. నీకొచ్చిన ఉత్తరం మీ గదిలో అందరికీ చదివి వినిపిస్తావని నాకు తెలుసు. ఎనిమిది మంది మగవాళ్ల ముందు చదివే ఉత్తరంలో ఆ సంగతి రాయలేను. మంచిపనికే అని మాత్రం నమ్ము. తొందరగా రాయి.

నీ చెల్లెలు
శకుంతల


భివండి,
23 జులై 1986

చెల్లె శకుంతలకు, అన్న సారంగపాణి మనసారా దీవించి రాస్తున్నాడు.

నువ్వు దాచితే నాకు తెలియదనుకున్నావా! మన ఇళ్లలో పుట్టింటి వెండి కావాలని ఆడపిల్ల అడిగే పని ఒక్కటే ఉంటుంది. అదీ ఐదో నెల దాటాకే అడుగుతుంది. ఉత్తరం చదవడం ఆపి అక్కడే నిలబడిపోయాను. రాజలింగు మామ నా మొహం చూసి, “ఏందిరా పాణీ, గట్ల బిగుసుకపోయినవ్?” అన్నాడు. చెప్పాను. ఆయన లేచి నా వీపు మీద ఒక్కటి చరిచి, “మేనమామవైతున్నవ్ రా!” అని అరిచాడు. రాజలింగు మామ అంటే తెలుసు కదా, మా గదికి పెద్ద, ఇరవై ఏళ్ల కింద వరంగల్ నుంచి ఇక్కడికొచ్చి కరెంటు మగ్గాల సాంచెల మోతలోనే చెవుడు తెచ్చుకున్నాడు. ఆయనకు వినిపించేలా చెప్పాలంటే గల్లీ అంతటికీ చెప్పినట్టే. పేడాలు తెచ్చి పంచాను.

పోయినసారి సంగతి నేను మరిచిపోలేదు. మూడో నెల్లోనే మీ వదిన భాగ్య తొందరపడి కడియాలు బయటికి తీసి చింతపండుతో తోమిపెట్టింది. వారం తిరగకముందే మనం వినకూడని మాట విన్నాం. దాన్ని నేను ఒక్క మాట అనలేదు. కానీ పెట్టె తాళం ముట్టొద్దని అప్పుడే చెప్పాను. ఈసారి నువ్వు ఐదో నెల దాకా ఆగి అడిగావు, చదువుకున్నదానివి అనిపించుకున్నావు.

భాగ్యకు కార్డు రాసేశాను. కడియం తీసుకో. వెండి పని చేసే కట్టయ్యకే ఇవ్వు, అమ్మకు చేసింది వాళ్ల నాయనే. బిడ్డ కాళ్లకు పెట్టే మువ్వలు మరీ చిన్నవిగా చేయించకు, ఊడితే పిల్లలు మింగుతారు. రెండో కడియం పెట్టెలోనే ఉండనీ, దాన్ని మొలతాడుకు చూద్దాం.

ఇక్కడ వాన నీళ్లు గదిలోకి వస్తున్నాయి. అయినా ఈ వారం నాకు ఏదీ కష్టంగా లేదు.

ఆరోగ్యం జాగ్రత్త. బావను అడిగానని చెప్పు.

నీ అన్న
సారంగపాణి


హనుమకొండ,
2 ఆగస్టు 1986

అన్నా,

ఈసారి కవరులో పెట్టి అంటిస్తున్నాను. దీన్ని ఒక్కడివే చదువు. దయచేసి రాజలింగు మామ ముందు మొహం మార్చకు.

నువ్వు పంచిన పేడాల సంగతి చదివి నాకు చెమటలు పట్టాయి. నువ్వు అనుకున్నది నిజమే. కానీ ఐదో నెల కాదు, మూడోది. మీ బావకు తప్ప ఎవరికీ చెప్పలేదు. వదినకు కూడా చెప్పలేదు. నువ్వు కార్డు రాయగానే ఆమె కడియాన్ని కొత్త గుడ్డలో చుట్టి, పసుపు కుంకుమ పెట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆమె కళ్లలో సంతోషం చూసి నోరు తెరవలేకపోయాను. పోయినసారి అందరికీ చెప్పుకున్నాం, అందరూ వచ్చి ఓదార్చి పోయారు. మళ్లీ ఆ ఓదార్పులు నేను భరించలేను.

కడియం పిల్లకు నగ చేయించడానికి కాదు. చెప్తాను, జాగ్రత్తగా చదువు.

మేము పత్తి గింజను మట్టిలో కాకుండా, సీసాలో చక్కెర కలిపిన గంజిలాంటి దాంట్లో మొలిపిస్తాం. గింజ నూగులో కంటికి కనబడని బూజు ఉంటుంది. తీపి దొరకగానే గింజ కంటే ముందు అదే మొలిచి సీసా అంతా కమ్మేస్తుంది. అందుకని గింజలను ముందుగా ఒక తెల్ల పొడి కలిపిన నీళ్లలో కడుగుతాం. పాదరసంతో చేసిన పొడి అది. చూడ్డానికి ఉప్పులా ఉంటుంది, చిటికెడు లోపలికి పోతే మనిషి బతకడు. రెండేళ్లుగా నేను రోజూ ఆ నీళ్లలో చేతులు పెడుతున్నాను. చేతి తొడుగులు ఉన్నాయి, చిల్లులు పడినవి. మా అటెండరు మొగిలయ్య వాటినే కడిగి ఆరేసి మళ్లీ ఇస్తాడు.

ఈ మధ్య లైబ్రరీలో ఒక పత్రిక చదివాను. జపాన్‌లో సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో పాదరసం కలిసిన చేపలు తిన్న తల్లులకు ఎలాంటి పిల్లలు పుట్టారో అందులో ఉంది. తల్లులకు ఏమీ కాలేదు, లోపలి బిడ్డలకే అంతా. మా పొడీ అదీ ఒకటి కాదు, నాకు తెలుసు. తెలిసినా ఆ బొమ్మలు కళ్ల ముందు నుంచి పోవడం లేదు. పోయినసారి మనకు జరిగింది కడియం తోమినందుకు కాదేమో అన్నా. నా చేతుల వల్లనేమో. డాక్టరమ్మను అడిగితే, “ఎందుకైందో ఎవరం జెప్తం, మల్లయితది లే” అంది. ఆ తర్వాత ఎవరినీ అడగలేదు.

ఆ పొడి బదులు వెండి నీళ్లతో కడిగితే బూజు చస్తుందని చదివాను. వెండి మందు తెప్పించమని ఆఫీసులో రాసిచ్చి ఏడాదైంది, రాలేదు. నా స్కాలర్‌షిప్పూ రాలేదు. వెండి ఉండి, అడిగితే ఇచ్చే చోటు మన పెట్టె ఒక్కటే. కట్టయ్య దగ్గర తేజాబు ఉంటుంది, మేం యాసిడ్ అంటామే అదే, దాంట్లో వెండి కరుగుతుంది. మా సారు, “కొత్తది పనిచేస్తుందని చూపించు, మారుద్దాం. అప్పటిదాకా పాత పద్ధతే” అన్నారు. ఆయనకు నా సంగతి తెలియదు. తెలిస్తే సెలవు పెట్టమంటారు, సెలవంటే సీటు పోయినట్టే.

కడియం రేపు కట్టయ్య కొట్టుకు పోతుంది. నీకు కోపం వస్తుందని తెలుసు.

శకుంతల


భివండి,
11 ఆగస్టు 1986

శకుంతలా,

కరిగించొద్దు. ఈ ఉత్తరం అందేసరికి కడియం ఎక్కడున్నా సరే, తెచ్చి పెట్టెలో పెట్టు. మూడో నెల అని ముందే ఒక్క ముక్క రాసి ఉంటే నేను కార్డు రాసేవాణ్ణే కాదు. మంచిపనికే అన్నావు, నేను నమ్మాను.

నువ్వు చదివిన పత్రికలు నాకు తెలియవు. అమ్మ కాళ్ల నుంచి ఆ కడియాలు తీసింది నేను. సబ్బు నీళ్లు పోసి తీస్తుంటే కాళ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ‘శకుంతల బిడ్డకు’ అని అమ్మ రెండు రోజుల ముందు చెప్పింది. బిడ్డకు అంది, గింజలకు అనలేదు. బిడ్డ రాకముందే బిడ్డ సొమ్మును తేజాబులో వేస్తారా ఎవరైనా? పోయినసారి తోమినందుకే అంత అయింది. కరిగిస్తే ఏమవుతుందో అనుకుంటేనే నాకు చేతులు ఆడటం లేదు. నిన్న రెండుసార్లు పోగు తెగినా చూసుకోలేదు, గజం బట్ట ఖరాబైంది. సేటు తిట్టాడు.

ఆ పని మానేయి. సీటు పోతే పోనీ. విషంలో చేతులు పెట్టే చదువు మన ఇంట్లో ఎవరికి కావాలి? నాయన రంగుల్లో చేతులు పెట్టీ పెట్టీ చివరికి గోళ్లు లేకుండా పోయాడు. అది చూసే కదా నిన్ను చదివించాం.

ఇక్కడ నా గతి విను. రాజలింగు మామ రోజూ అన్నం దగ్గర అడుగుతాడు, “ఎన్నో నెలరా?” అని. మూడు అంటే పేడాలు ఎందుకు పంచావంటాడు. అందుకని ఆరు అంటున్నాను. ఆ అబద్ధం నోటి నుంచి వచ్చినప్పుడల్లా నా అబద్ధమే బిడ్డకు తగులుతుందేమోనని భయమేస్తోంది. గట్టిగా వేరే చెప్పాలి, ఆయనకు చెవుడు.

కడియం పెట్టెలో పెట్టానని రాయి. అదొక్కటే రాయి చాలు.

అన్న


హనుమకొండ,
30 ఆగస్టు 1986

అన్నా,

నీ ఉత్తరం వచ్చేసరికి కడియం లేదు. అబద్ధం రాస్తే నీకు నిద్ర పడుతుందని తెలుసు, కానీ రాయలేను.

కట్టయ్య దాన్ని చేతిలో పట్టుకుని బరువు చూసి, “ఇది లోపల డొల్ల బిడ్డా, లక్క నింపింది. కోసి సగం ఇద్దామంటే ఆగది” అన్నాడు. వేడి చేస్తే లక్క కారింది. ఆ వాసన నీకు గుర్తుండే ఉంటుంది, చిన్నప్పుడు అమ్మ ఎండలో నుంచి వచ్చి కూర్చుంటే కాళ్ల దగ్గర సన్నగా వచ్చేది. నేను బయటికి వచ్చి నిలబడ్డాను. మిగిలిన పల్చటి వెండి రేకును తేజాబులో వేస్తే నీళ్లు నీలంగా మారాయి. అందులో రాగి కలిసిందని అర్థం. ఈ మాట రాస్తే కట్టయ్య నాయనను దొంగ అంటున్నానని అనుకోకు, గట్టిపడటానికి కలుపుతారట. రాగిని వేరు చేయడంలో సగం వెండి పోయింది. మిగిలినదాంట్లో కొంత వెలుతురు తగిలి నల్లబడింది. నా వేళ్లకు అంటినచోటల్లా చర్మం నల్లగా అయింది, ఎంత రుద్దినా పోదు.

ఆ నీళ్లతో గింజలు కడిగాను. బూజు రాలేదు. సంతోషపడేలోపే మొలకలు కూడా నల్లబడి వాడిపోయాయి. వెండి బూజును చంపింది, మొలకనూ చంపింది. పల్చగా కలిపితే బూజు వచ్చింది. అమ్మ కడియం పోయింది, నేను అనుకున్నదీ కాలేదు.

ఒక్క మంచి సంగతి రాస్తాను. మా ల్యాబులో నా తర్వాత చేరిన అమ్మాయి ఉంది, సుగుణ, తొర్రూరు పిల్ల. నేను తెల్ల పొడి డబ్బా దగ్గర నిలబడి చేయి పెట్టలేక చూస్తుంటే, “అక్కా, జరుగు. నీ గింజలు గూడ నేనే కడుగుత” అంది. ఎందుకని అడగలేదు. అప్పటి నుంచి రెండు పనులూ తనే చేస్తోంది. నేను చేయొద్దని ఒక్కసారైనా గట్టిగా అనలేదన్నా. నా బిడ్డ కోసం ఇంకొకరి పిల్ల చేతులు అందులో పెట్టించాను.

మొన్న కొంచెం రక్తం కనిపించింది. దవాఖానలో మంచం దిగొద్దన్నారు. వదినకు చెప్పక తప్పలేదు. ఆమె మగ్గం వదిలేసి వచ్చి ఇక్కడే ఉంటోంది. నాకేమీ అనలేదు, కడియం ఏదని కూడా అడగలేదు. అడిగితే బాగుండేది.

చాలా భయంగా ఉందన్నా. గోడ వైపు తిరిగి పడుకుంటున్నాను. ఎవరి మొహమూ చూడలేకపోతున్నాను.

శకుంతల


భివండి,
9 సెప్టెంబరు 1986

శకుంతలా, బిడ్డా,

నిన్న టెలిగ్రాం ఇచ్చాను. జవాబు రాలేదు. నీ ఉత్తరం, భాగ్య కార్డు ఒక్కరోజే అందాయి. భాగ్య పక్కింటి పిల్లతో రాయించింది. నీ వేళ్లు నల్లగా అయ్యాయని, తింటలేవని, నీ మంచం కింద పుర్రె బొమ్మ ఉన్న నల్లసీసా దాచుకున్నావని రాయించింది. “నేను అటు వోంగనే ఏం జేసుకుంటదో అని పానం గుంజుతాంది” అని రాయించింది.

ఆ సీసా ఏంటి? నువ్వు రాసిన తెల్ల పొడి అదేనా? ఇంటికెందుకు తెచ్చుకున్నావు?

బిడ్డ సంగతి ఎలా ఉన్నా సరే. పోయి ఉంటే పోయిందని రాయి. నేను నిన్ను ఏమీ అనను. కడియం గురించి ఇక జన్మలో ఎత్తను. నేను పోయిన ఉత్తరంలో రాసిన మాటలన్నీ చింపి పారేయి. అపశకునాలు, సొమ్ములు అన్నీ నా పిచ్చి. నాకు చెల్లెలు ఒక్కతే. అమ్మ కడియాలు రెండూ పోయినా, పెట్టె పోయినా, ఇల్లు పోయినా నువ్వుంటే చాలు.

బావను బడికి పోవద్దను. భాగ్యను నీ పక్క నుంచి కదలొద్దను. ఆ సీసాను బావతో బయట పారేయించు.

సేటు లీవు ఇవ్వనన్నాడు. ఆదివారం దాకా చూస్తాను, నీ చేతిరాత రాకపోతే సాంచె ఆపేసి దాదర్ పోయి బండెక్కుతాను. రాజలింగు మామకు అంతా చెప్పాను, నేనాడిన అబద్ధాల సంగతి కూడా చెప్పాను. ఆయన తిట్టలేదు. నా చేతిలో టికెట్ పైసలు పెట్టి, “ఎప్పుడు పోవాల్ననిపిస్తే అప్పుడు వో” అన్నాడు.

రాయి. ఒక్క అక్షరమైనా నీ చేత్తో రాయి.

అన్న


హనుమకొండ,
17 సెప్టెంబరు 1986

అన్నా,

మీ బావ ఇచ్చిన టెలిగ్రాం శనివారమే అంది ఉంటుంది. నువ్వు బండెక్కలేదనే అనుకుని రాస్తున్నాను. నేను బతికే ఉన్నాను, బాగానే ఉన్నాను. బిడ్డ ఉంది. రక్తం ఆగింది. నిన్న మధ్యాహ్నం లోపల ఏదో తట్టింది. నా భ్రమే అనుకుని ఊపిరి బిగపట్టి పడుకున్నాను. మళ్లీ తట్టింది. ఐదో నెల పడింది. ఇప్పుడు నువ్వు ఎవరికి చెప్పుకున్నా అబద్ధం కాదు.

ఆ సీసా సంగతి. వెండి నీళ్లు వెలుతురు తగిలితే పాడవుతాయి, ముదురు రంగు సీసాలో పోయాలి. మా ల్యాబులో అలాంటివి తేజాబు వచ్చే సీసాలే, వాటన్నిటి మీదా పుర్రె బొమ్మే ఉంటుంది. బాగా కడిగి, మిగిలిన కాసిని వెండి నీళ్లు దాంట్లో పోసి తెచ్చుకున్నాను. మంచం కింద చీకటిగా ఉంటుందని అక్కడ పెట్టాను. మీరంతా విషమనుకున్న ఆ సీసాలో ఉన్నది అమ్మ కడియమే అన్నా. చచ్చిపోవాలని నాకు అనిపించలేదు. ఒట్టు. బిడ్డ ఏమవుతుందో తెలియకుండా చావడానికి కూడా నాకు ధైర్యం లేదు.

ఇప్పుడు వదిన ఏం చేసిందో విను. ఆ సీసాను చూసిన రోజు నుంచీ ఆమెకు కంటి మీద కునుకు లేదు. పారబోద్దామంటే తేజాబు నేలను తింటుందని ఎవరో చెప్పారట. ఉంచుదామంటే నేను తాగుతానని భయం. నాకు స్నానానికి రోజూ వావిలాకు కాస్తోంది కదా, వావిలాకు ఏ విషానికైనా విరుగుడని వాళ్లమ్మ చెప్పేదట. నేను నిద్రపోతుంటే ఆ కషాయం గరిటెతో తెచ్చి సీసాలో పోసి మూత బిగించింది. లేచి చూసేసరికి నీళ్లు చాయ్ రంగులోకి మారి ఉన్నాయి.

నేను ఎట్లా అరిచానో చెప్పలేను. మిగిలిన చివరి చుక్క వెండి కూడా పోయిందని వదినను అనరాని మాటలన్నాను. ఆమె ఏడుస్తూనే, “ఇసం విరిగిందా లేదా గది జెప్పు ముందు” అంది. అది విషం కాదని, అమ్మ కడియమని అప్పుడు చెప్పాను.

ఆ చాయ్ రంగు నీళ్లను పారబోయడానికి మనసు రాలేదు. సుగుణ చూడ్డానికి వస్తే ఇచ్చి పంపాను. పారేసేదే కదా, గింజలు కడిగి చూడు అన్నాను. వారం తర్వాత సుగుణ సీసాలు చీరకొంగు కింద దాచుకుని ఆటోలో ఇంటికే తెచ్చింది. బూజు లేదన్నా. ఒక్క సీసాలోనూ లేదు. మొలకలు పచ్చగా, వేళ్లు తెల్లగా నిటారుగా ఉన్నాయి. ఉత్త కషాయంతో కడిగినవాటికి బూజు వచ్చింది. ఉత్త వెండి నీళ్లతో కడిగినవి మునుపు నల్లబడి చచ్చాయి. రెండూ కలిసినవే బతికాయి.

ఎందుకో నాకు తెలియదు. సుగుణ తీసుకుపోయి చూపిస్తే సారు కూడా సీసాలు వెలుతురులో తిప్పి తిప్పి చూసి, “ఆకు పసరు వెండిని ఏదో చేసింది, కంటికి కనబడనంత సన్నని పొడిగా మార్చిందేమో. ఏం చేసిందో చెప్పగలిగే మిషను మన దగ్గర లేదు. మళ్లీ చేసి చూపించండి” అన్నారు. సుగుణ మళ్లీ చేసింది, మళ్లీ బతికాయి. ఇప్పటికి తెల్ల పొడి డబ్బాకు తాళం పడింది. మొగిలయ్య తాళంచెవి తన మొలతాడుకు కట్టుకున్నాడు.

వదినకు చెప్పాను, నువ్వు పోసిన నీళ్లే పనిచేశాయని. ఆమె నమ్మలేదు. బుజ్జగించడానికి అంటున్నానని అనుకుంది. నువ్వైనా రాయి.

భయం పోయిందని అనుకోకు. రెండేళ్లు నా ఒంట్లోకి పోయినది ఎంతో, అందులో బిడ్డకు చేరింది ఎంతో ఎవరూ చెప్పలేరు. కడుపులో తట్టినప్పుడు సంతోషిస్తాను, ఆగినప్పుడు లెక్కపెడుతూ కూర్చుంటాను.

శకుంతల


హనుమకొండ,
25 ఫిబ్రవరి 1987

అన్నా,

వదిన చెప్పగా మీ బావ ఇచ్చిన టెలిగ్రాం చూసే ఉంటావు. ఆడపిల్ల. నేనే రాయాలని ఇన్నాళ్లు ఆగాను. బలహీనంగా ఉన్నాను తప్ప బాగున్నాను. పాపకు అమ్మ నుదురు వచ్చిందని వదిన అంటుంది. నాకు ఇంకా ఎవరి పోలికా కనబడలేదు. నేను వేరేవి చూస్తున్నాను. పుట్టగానే వేళ్లు లెక్కపెట్టాను. ఏడుపు విన్నాను. ఇప్పుడు గిన్నె మీద చెంచాతో కొట్టి తల తిప్పుతుందా అని చూస్తున్నాను. తిప్పుతోంది. అరగంటకు మళ్లీ కొడతాను. వదిన నిన్న చెంచా లాక్కుని, “పొల్లను బతకనియ్యవా ఏంది? మంచిగున్నది పో!” అని కసిరింది. జపాన్ పిల్లల్లో కొందరికి లోపం ఉన్నట్టు నడక వచ్చే వయసుకు గానీ తెలియలేదట. అప్పటిదాకా నేను ఇలాగే ఉంటానేమో.

ఉగాదికి వస్తానన్నావు. తొట్టెలలో వేయడం అప్పటిదాకా ఆపాం. మేనమామ చేత్తో కాళ్లకు వెండి పడ్డాకే తొట్టెలలో వేస్తానని వదిన పట్టుబట్టింది. రెండో కడియాన్ని తోమడానికి మాత్రం ఆమెకు ఇంకా చేతులు రావడం లేదు.

ఇప్పుడు రాయబోయేదాని గురించి రెండు రోజులు ఆలోచించాను.

సుగుణకు కార్తీకంలో పెళ్లయింది కదా. మొన్న పాపను చూడ్డానికి వచ్చి, పాపను ఎత్తుకోకుండా దూరంగా కూర్చుంది. ఏమైందని అడిగితే ఏడ్చింది. మూడో నెల అట. చుక్క చుక్క పొదుపుగా వాడుతూ వచ్చిన వెండి నీళ్లు పోయిన వారమే అయిపోయాయి. ఆఫీసు నుంచి మందు ఇంకా రాలేదు. సారు ఇన్నాళ్ల పని ఆగిపోతుందని, “అది వచ్చేదాకా పాత పద్ధతే” అని మొగిలయ్యతో తాళం తీయించారు. సుగుణ మళ్లీ ఆ తెల్ల నీళ్లలో చేతులు పెడుతోంది. “నువ్వు చెప్పొద్దక్కా, సీటు పోతది” అంది. నెల రోజులు నా కోసం పెట్టిన చేతులు అవి.

నా మెడలో పుస్తెలు తప్ప ఏమీ లేదు. అడగడానికి సిగ్గుగా ఉంది. ఆ రెండో కడియం పాప సొమ్ము, అమ్మ నీకు అప్పగించినది. నువ్వు వద్దంటే తప్పు పట్టను. ఈ ఉత్తరం ఎవరికి చదివి వినిపించినా నాకు అభ్యంతరం లేదు.

శకుంతల


భివండి,
5 మార్చి 1987

చెల్లె శకుంతలకు, కోడలు పిల్లకు, అందరికీ దీవెనలు.

నీ ఉత్తరం ముందు ఒక్కణ్ణే చదివాను. చదివి మడిచి జేబులో పెట్టుకున్నాను. రెండు షిఫ్టులు జేబులోనే ఉంది. మూడో నెల అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. పెట్టెలో నుంచి ఆ వెండి ఒకసారి మూడో నెల్లో బయటికి వచ్చింది, అప్పుడేమైందో మనకు తెలుసు. రెండోసారీ మూడో నెల్లోనే వచ్చింది, ఎంత దూరం పోయి వెనక్కి వచ్చావో తెలుసు. ఇప్పుడు ఇంకొకరి పిల్లకు మూడో నెల. ఐదో నెల దాటేదాకా ఆగమని నీకు రాయడానికి కూర్చున్నాను. సగం రాశాను కూడా.

రాస్తుంటే తోచింది. ఆగితే ఆ రెండు నెలలూ ఆ పిల్ల చేతులు ఆ తెల్ల నీళ్లలోనే ఉంటాయి కదా.

ఆ కాగితం చింపేసి, నీ ఉత్తరం గదిలో అందరికీ చదివాను. రాజలింగు మామ చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు చదివించుకున్నాడు. ఆయన ఏమంటాడో అని చూశాను. నా మొహమే చూస్తూ కూర్చున్నాడు. నేనే అన్నాను, “ఇస్త మామా” అని. గట్టిగానే అన్నాను.

భాగ్యకు వేరే కార్డు రాస్తున్నాను. రెండో కడియం తీసి ఇవ్వమను. తోమనక్కర్లేదు, పసుపు కుంకుమ అక్కర్లేదు, అట్లాగే ఇవ్వమను. వావిలాకు కషాయం మాత్రం దాని చేత్తోనే కాయించు. నేను రాస్తే నమ్ముతుందేమో, పోయినసారి బిడ్డను కాపాడింది దాని గరిటే అని రాశాను.

నా భయం పోయిందని రాయను. సుగుణ బిడ్డ క్షేమంగా పుట్టేదాకా నేను రోజూ భయపడుతూనే ఉంటాను. భయపడుతూనే ఇస్తున్నాను.

మేనమామను, ఉత్త కాళ్లతో నా కోడలిని తొట్టెలలో వేయనివ్వను. మంచి నూలు తీసి, నల్లరంగు వేసి చేత్తోనే పేనుతున్నాను. సాంచె మీద పేనినది కాదు, నాయన నేర్పినట్టు తొడ మీద పేనినది. రెండు కాళ్లకు రెండు నల్లతాళ్లు. వెండి కంటే మెత్తగా ఉంటుంది, నిద్రలో గుచ్చుకోదు.

కొలత తెలియడం లేదు. పాప కాలి మడమ పైన ఒక పోగు చుట్టి, సరిగ్గా కలిసినచోట తెంపి, కవరులో పెట్టి పంపు. చుట్టేటప్పుడు కాలు గట్టిగా పట్టుకోకు, తన్నుకోనీ. ఎంత గట్టిగా తన్నిందో కూడా రాయి.

నీ అన్న
సారంగపాణి